పవిత్రతకు సార్వత్రిక పిలుపు

పవిత్రతకు సార్వత్రిక పిలుపు అనేది క్రైస్తవ మతంలో, ముఖ్యంగా కథోలిక శ్రీసభలో, ఒక ప్రధానమైన బోధన. పవిత్రత కేవలం గురువులకు, మఠవాసులకు, కన్యస్త్రీలకు పరిమితమైనది కాదనీ, జ్ఞానస్నానం పొందిన ప్రతి వ్యక్తీ తానున్న స్థితిలో, తాను చేసే పనిలోనే దానిని సాధించడానికి పిలువబడ్డారనీ ఈ బోధన సారాంశం. 1964లో రెండవ వాటికన్ మహాసభ దీనిని అధికారికంగా ప్రకటించింది. అయితే ఈ భావన మహాసభతో పుట్టినది కాదు. దీని మూలాలు బైబిలులోనే ఉన్నాయి. మధ్యలో అనేక శతాబ్దాల పాటు ఇది మరుగున పడి, తిరిగి క్రమంగా వెలుగులోకి వచ్చింది.

ఈ బోధన వెనుక ఒక మౌలికమైన ప్రశ్న కలదు. పెళ్ళి చేసుకుని, పిల్లలను పెంచుతూ, పొట్టకూటికోసం శ్రమించే మనిషి దేవుని దృష్టిలో రెండవ తరగతి విశ్వాసియా? సంసారం పవిత్రతకు అడ్డంకియా, లేక అదే మార్గమా? క్రైస్తవ చరిత్రలో ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు వచ్చాయి.

పదాల అర్థం

బైబిలు పాత నిబంధనలో పవిత్రతకు వాడిన హీబ్రూ పదానికి "ప్రత్యేకించబడినది" అని మూలార్థం. దేవుని కొరకు వేరుచేసిన వస్తువు, స్థలం, వ్యక్తి పవిత్రమవుతాయి. క్రొత్త నిబంధనలో ఈ అర్థానికి ప్రేమ తోడైంది. దేవుని పట్ల, పొరుగువాని పట్ల ప్రేమలో పరిపూర్ణత పొందడమే పవిత్రత అని క్రైస్తవ వేదాంతులు నిర్వచిస్తారు. అద్భుతాలు చేయడం, దర్శనాలు చూడడం, కఠోర ఉపవాసాలు చేయడం దీనికి తప్పనిసరి లక్షణాలు కావు.

ఒక వ్యక్తి జీవించే స్థితిని తెలుగు కథోలికులు "జీవితాంతస్తు" అంటారు. ఇక్కడ అంతస్తు అంటే హోదా కాదు, స్థితి అని అర్థం. వివాహం, గురుత్వం, మఠవాస జీవితం, ఒంటరి జీవితం ఇందులోని ముఖ్యమైన విభాగాలు. వీటిలో ఒకదానికి దేవుడు మనిషిని నడిపించడాన్ని "దైవపిలుపు" అంటారు. భారతీయ సంప్రదాయంలోని ఆశ్రమ ధర్మాలతో దీనిని పోల్చవచ్చును కాని ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆశ్రమాలను సాధారణంగా ఒకదాని తరువాత మరొకటిగా వచ్చే మెట్లుగా వర్ణిస్తారు. ఈ బోధన ప్రకారం ప్రతి జీవితాంతస్తూ దానికదే సంపూర్ణమైన మార్గం. గృహస్థు తన గమ్యాన్ని చేరడానికి సంసారాన్ని విడిచిపెట్టనవసరం లేదు.

బైబిలు ఆధారాలు

లేవీయకాండం 19వ అధ్యాయంలో పవిత్రులు కావాలన్న ఆజ్ఞ యాజకులకు మాత్రమే కాక ఇశ్రాయేలు సమాజమంతటికీ ఇవ్వబడింది. ఆ అధ్యాయంలోనే పొలం కోసేటప్పుడు అంచులను పేదలకు విడిచిపెట్టడం, కూలివాని జీతాన్ని రాత్రంతా అట్టిపెట్టుకోకపోవడం, తూకాలలో మోసం చేయకపోవడం వంటి నియమాలు కనిపిస్తాయి. అనగా పవిత్రత గురించిన ఆజ్ఞ పొలానికీ, అంగడికీ సంబంధించిన ఆజ్ఞలతో కలిసి ఉంది.

మత్తయి సువార్త 5వ అధ్యాయం చివర యేసు తన శిష్యులను పరలోకంలోని తండ్రివలె పరిపూర్ణులు కమ్మని కోరాడు. పౌలు రోము, కొరింతు, ఫిలిప్పీ నగరాల క్రైస్తవులకు రాసిన లేఖలలో వారందరినీ "పరిశుద్ధులు" అనే సంబోధించాడు. కొరింతు సంఘంలో కలహాలు, వ్యాజ్యాలు, నీతి తప్పిన ప్రవర్తన ఉన్నట్లు అదే లేఖ చెబుతుంది. కనుక పౌలు దృష్టిలో పరిశుద్ధులు అంటే లోపం లేనివారు కాదు, పిలుపు అందుకున్నవారు. అదే లేఖ 12వ అధ్యాయంలో శరీరం ఒకటే అయినా అవయవాలు అనేకమని చెప్పిన ఉపమానం, వేర్వేరు పిలుపుల గురించిన తరువాతి ఆలోచనలకు పునాది అయింది.

చరిత్ర

ఎడారి సన్యాసులు

క్రైస్తవ మతం తొలి మూడు శతాబ్దాలలో హింసలకు గురైన కాలంలో వేదసాక్షి మరణమే పవిత్రతకు ఉత్తమ నిదర్శనంగా భావించబడింది. వేదసాక్షులలో స్త్రీలు, బానిసలు, సైనికులు, గృహిణులు కూడా ఉన్నారు. నాల్గవ శతాబ్దంలో హింసలు ఆగిపోయిన తరువాత ఆ స్థానాన్ని సన్యాసులు ఆక్రమించారు. ఐగుప్తు ఎడారులలో నివసించిన ఆంతోనివంటి తపస్వులు ఆదర్శపురుషులయ్యారు.

అయితే ఆ ఎడారి తండ్రుల సూక్తుల సంకలనంలోనే ఒక ఆసక్తికరమైన ఉదంతం కలదు. ఆంతోనికి సాటిరాగల వ్యక్తి నగరంలో ఉన్నాడని ఆయనకు తెలియజేయబడింది. అతడు ఒక వైద్యుడు. తన అవసరాలకు మించిన సంపాదనను పేదలకు ఇచ్చి, దేవుని స్తుతిస్తూ బతికేవాడు. సన్యాసులు భద్రపరచిన గ్రంథంలోనే ఈ ఉదంతం ఉండడం గమనార్హం.

మధ్యయుగం

మధ్యయుగంలో పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలతో కూడిన మఠవాస జీవితానికి "పరిపూర్ణతా స్థితి" అనే పేరు స్థిరపడింది. గృహస్థులు పది ఆజ్ఞలను పాటిస్తే చాలునని, ఆపై మెట్టు సన్యాసులదని సాధారణ ప్రజలు భావించసాగారు. 13వ శతాబ్దపు వేదాంతి తోమాసు అక్వినాసు ఇందులో ఒక సూక్ష్మమైన భేదాన్ని చూపాడు. పరిపూర్ణత ప్రేమలో ఉంది కాబట్టి, పరిపూర్ణతా స్థితిలో ఉన్నవారిలో కొందరు పరిపూర్ణులు కాకపోవచ్చుననీ, ఆ స్థితిలో లేనివారిలో కొందరు పరిపూర్ణులు కావచ్చుననీ ఆయన వివరించాడు.

ఇటలీలోని క్రెమోనా నగరానికి చెందిన బట్టల వ్యాపారి హోమోబోనుసు 1197లో మరణించగా, రెండేళ్ళ లోపే, 1199లో, మూడవ ఇన్నోసెంట్ పోపు ఆయనను పునీతునిగా ప్రకటించాడు. హంగేరీ రాకుమార్తె ఎలిజబెత్ (1207-1231) భార్యగా, తల్లిగా, వితంతువుగా జీవించి 24 ఏళ్ళకే మరణించింది. 1235లో ఆమెకు పునీత పట్టం లభించింది. అస్సీసి ఫ్రాన్సిసు బోధనల ప్రభావంతో గృహస్థుల కొరకు ఏర్పడిన "మూడవ సభ" అనేకులకు ఇంటిపట్టున ఉంటూనే సాధన చేసే వీలు కల్పించింది. 1622 మార్చి 12న ఇగ్నేషియస్ లొయోలా, ఫ్రాన్సిస్ జేవియర్, ఆవిలా తెరేసా, ఫిలిప్ నేరిలతో పాటు మాడ్రిడ్ ప్రాంతపు వ్యవసాయ కూలీ ఇసిదోరు కూడా పునీతునిగా ప్రకటించబడ్డాడు.

సంస్కరణోద్యమం

జర్మనీకి చెందిన మార్టిన్ లూథర్ స్వయంగా మఠవాసి. ఆయన 1520లో రాసిన రచనలలో విశ్వాసులందరూ యాజకులేనని వాదించాడు. 1521లో మఠవ్రతాలను విమర్శించాడు. 1525లో మాజీ కన్యస్త్రీ అయిన కాతరీనా ఫాన్ బోరాను వివాహమాడాడు. అంతకుముందు మఠజీవితానికే వాడే "పిలుపు" అనే మాటను లూథర్ రైతు, చెప్పులు కుట్టేవాడు, పనిమనిషి, తల్లి, తండ్రి చేసే పనులకు కూడా వర్తింపజేశాడు. పొరుగువానికి మేలు చేసే ప్రతి న్యాయమైన పనీ దేవుని సేవయే అన్నది ఆయన వాదన.

దీనికి ప్రతిగా కథోలికుల ట్రెంటు మహాసభ 1563లో బ్రహ్మచర్యం వివాహం కంటే శ్రేష్ఠమైనదన్న సంప్రదాయ బోధనను పునరుద్ఘాటించింది. వివాహం దివ్యసంస్కారమని కూడా అదే సభ స్పష్టం చేసింది.

ఫ్రాన్సిస్ డి సేల్స్

కథోలిక శ్రీసభలో గృహస్థుల సాధనకు స్పష్టమైన రూపం ఇచ్చిన వ్యక్తి ఫ్రాన్సిస్ డి సేల్స్ (1567-1622). ఈయన జెనీవా మేత్రాణి (బిషప్పు) అయినప్పటికీ, ఆ నగరం సంస్కరణవాదుల అధీనంలో ఉండడం వలన అన్నెసీ పట్టణంలో నివసించాడు. తన బంధుకుటుంబానికి చెందిన ఒక వివాహిత స్త్రీకి రాసిన ఆధ్యాత్మిక సలహాలను విస్తరించి 1609లో "భక్తి జీవితానికి పరిచయం" అనే అర్థం వచ్చే గ్రంథాన్ని ప్రచురించాడు. అంతకుముందు భక్తి గ్రంథాలు ఎక్కువగా లోకాన్ని విడిచినవారి కోసం రాయబడ్డాయనీ, తాను మాత్రం పట్టణాలలో, ఇళ్ళలో, రాజాస్థానాలలో ఉండేవారి కోసం రాస్తున్నాననీ ఆయన పీఠికలో తెలిపాడు.

భక్తి ఎవరి స్థితికి తగినట్లు వారికి ఉండాలన్నది ఆయన ముఖ్య సూత్రం. బిషప్పు ఏకాంతవాసి వలె బతకాలనుకున్నా, సంసారులు సంపాదనే మానుకున్నా, చేతిపనివాడు రోజంతా గుడిలోనే గడిపినా ఆ భక్తి నవ్వులపాలవుతుందని ఆయన హెచ్చరించాడు. తన బాధ్యతకు హాని చేసే భక్తి నిజమైన భక్తి కాదని ఆయన అభిప్రాయం.

రెండవ వాటికన్ మహాసభ

1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ శ్రీసభ స్వభావం గురించి "లూమెన్ జెన్సియుం" అనే శాసనపత్రాన్ని రూపొందించింది. 1964 నవంబరు 21న ఇది 2,151 ఓట్లతో ఆమోదం పొందింది. వ్యతిరేకంగా వచ్చిన ఓట్లు 5 మాత్రమే. ఇందులోని 8 అధ్యాయాలలో ఐదవ అధ్యాయం పేరే "పవిత్రతకు సార్వత్రిక పిలుపు". 39 నుండి 42 వరకు ఉన్న పేరాలు ఈ అధ్యాయంలోనివి.

అధ్యాయాల క్రమం కూడా అర్థవంతమైనదే. మొదట దైవప్రజల గురించి, తరువాత అధికార శ్రేణి గురించి, ఆ పిమ్మట గృహస్థ విశ్వాసుల గురించి చెప్పి, వీరందరికీ వర్తించేటట్లు ఐదవ అధ్యాయంలో పవిత్రతను వివరించారు. మఠవాసుల గురించిన అధ్యాయం దాని తరువాతనే, ఆరవదిగా వస్తుంది. పవిత్రత ఒక్కటే, దానిని పెంపొందించుకునే మార్గాలు అనేకం అన్నది ఈ పత్రం ముఖ్యాంశం. 41వ పేరా మేత్రాణులు, గురువులు, డీకన్లు, దంపతులు, వితంతువులు, అవివాహితులు, శ్రామికులు, పేదలు, రోగులు, అన్యాయంగా హింసించబడేవారు ఒక్కొక్కరూ ఏ విధంగా ఈ మార్గంలో నడవవచ్చునో విడివిడిగా చెబుతుంది.

స్పెయిన్ దేశపు గురువు హోసే మరియా ఎస్క్రివా 1928లో స్థాపించిన ఓపుస్ దేయి వంటి సంస్థలు మహాసభకు ముందే ఉద్యోగ జీవితంలో పవిత్రత గురించి ప్రచారం చేశాయి. మహాసభ అనంతరం 1988లో రెండవ జాన్ పాల్ పోపు గృహస్థుల గురించి, 2018లో ఫ్రాన్సిసు పోపు ఆధునిక లోకంలో పవిత్రత గురించి లేఖలు వెలువరించారు. 2018 నాటి లేఖలో ఫ్రాన్సిసు పోపు "పక్కింటి పునీతులు" అనే భావనను ముందుకు తెచ్చారు. ఓపికతో పిల్లలను పెంచే తల్లిదండ్రులు, కుటుంబం కోసం కష్టపడే స్త్రీపురుషులు, రోగులు, చిరునవ్వు చెదరని వృద్ధ కన్యస్త్రీలు ఈ కోవకు వస్తారని వివరించారు.

వివిధ పిలుపులలో పవిత్రత

గురువులు, మఠవాసులు

గురువుకు తన విచారణలోని ప్రజల సేవయే పవిత్రతకు మార్గం. మఠవాసులు మూడు వ్రతాల ద్వారా రాబోయే దైవరాజ్యానికి గుర్తుగా నిలుస్తారని శ్రీసభ బోధిస్తుంది. మఠంలో కూడా పవిత్రత ప్రార్థనాలయానికే పరిమితం కాదు. 17వ శతాబ్దంలో పారిస్ కార్మెల్ మఠంలో వంటవానిగా పనిచేసిన సోదరుడు లారెన్స్ గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిలో ఉండవచ్చునని బోధించాడు. ఆయన సంభాషణలు, ఉత్తరాలు 1691లో ఆయన మరణించిన తరువాత పుస్తకంగా వచ్చాయి. ఫ్రాన్సు దేశపు లిసియూ పట్టణంలోని కన్యస్త్రీ తెరేసా (1873-1897) చిన్న చిన్న పనులను గొప్ప ప్రేమతో చేయడాన్ని "చిన్న మార్గం"గా వివరించింది. ఈమె 1925లో పునీతురాలిగా, 1997లో శ్రీసభ పండితురాలిగా ప్రకటించబడింది.

దంపతులు

కుటుంబాన్ని "గృహ శ్రీసభ"గా మహాసభ పేర్కొన్నది. జ్ఞానవివాహంలో భార్యాభర్తలు ఒకరికొకరు పవిత్రతకు తోడ్పడాలని ఈ బోధన చెబుతుంది. అయినప్పటికీ దంపతులను జంటగా గౌరవించడం చాలా ఆలస్యంగా మొదలైంది. ఇటలీకి చెందిన న్యాయవాది లుయీజీ బెల్త్రామె క్వాత్రోకి, ఆయన భార్య మరియా 2001 అక్టోబరు 21న ధన్యులుగా ప్రకటించబడ్డారు. దంపతులను కలిపి ధన్యులుగా ప్రకటించడం అదే మొదటిసారి. సాధారణంగా పునీతుల పండుగను వారు మరణించిన రోజున జరుపుతారు. వీరి పండుగను మాత్రం పెళ్ళిరోజైన నవంబరు 25న జరుపుతారు.

పైన పేర్కొన్న తెరేసా తల్లిదండ్రులు లూయీ మార్టిన్, జెలీ 2015 అక్టోబరు 18న కలిసి పునీత పట్టం పొందారు. లూయీ గడియారాలు బాగుచేసేవాడు. జెలీ లేసు అల్లికల వ్యాపారం నడిపేది. వీరికి కలిగిన తొమ్మండుగురు పిల్లలలో నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు. జెలీ 1877లో రొమ్ము క్యాన్సరుతో మరణించింది.

వితంతువులు, ఒంటరివారు

ఒకే మనిషి జీవితంలో పిలుపులు మారవచ్చుననడానికి ఫ్రాన్సు దేశస్తురాలు జాన్ డి షాంతాల్ (1572-1641) మంచి ఉదాహరణ. 1601లో వేట ప్రమాదంలో భర్త చనిపోగా నలుగురు పిల్లలతో కఠినుడైన మామగారి ఇంట ఉండవలసి వచ్చింది. ఆమెకు గురువైన ఫ్రాన్సిస్ డి సేల్స్ ఇంటివారికి ఇబ్బంది కలగని రీతిలో ప్రార్థన చేసుకొమ్మని సలహా ఇచ్చాడు. మునుపటి గురువు కాలంలో అమ్మగారు రోజుకు కొన్నిసార్లే ప్రార్థించినా ఇంటిల్లిపాదికీ కష్టమయ్యేదనీ, ఇప్పుడు రోజంతా ప్రార్థిస్తున్నా ఎవరికీ ఇబ్బంది లేదనీ ఆ ఇంటి పనివారు అనుకునేవారని ఆమె చరిత్రకారులు రాశారు. 1610లో ఆమె ఫ్రాన్సిసుతో కలిసి విజిటేషన్ సభను స్థాపించింది.

వృత్తులలో ఉన్నవారు

నేపుల్స్ వైద్యుడు జుసెప్పె మొస్కాతి (1880-1927) అవివాహితునిగా ఉండి పేద రోగులకు ఉచితంగా వైద్యం చేశాడు. 1987లో పునీత పట్టం పొందాడు. పిల్లల వైద్యురాలైన జాన్నా బెరెత్తా మొల్లా (1922-1962) గర్భవతిగా ఉండగా గర్భాశయంలో కణితి కనిపించింది. బిడ్డ ప్రాణానికే ప్రాధాన్యం ఇవ్వాలని ఆమె వైద్యులను కోరింది. ప్రసవమైన వారం రోజులకు మరణించింది. 2004 మే 16న రోములో జరిగిన పునీత పట్టం వేడుకలో ఆమె భర్త కూడా పాల్గొన్నాడు.

జీవిత దశలలో పవిత్రత

బాల్యం: పిల్లలు అసాధారణ సద్గుణాలను నిలకడగా చూపగలరా అన్న సందేహం రోములో చాలాకాలం ఉండేది. ఇటలీ బాలుడు దోమినిక్ సావియో 1857లో 14 ఏళ్ళ వయసులో మరణించి, 1954లో పునీతుడయ్యాడు. ఈ బాలుడు కఠినమైన తపస్సులకు పూనుకోగా, అతని ఉపాధ్యాయుడు డాన్ బోస్కో వాటిని నివారించి, చదువు, ఆటపాటలు, తోటివారికి సహాయం చాలునని నేర్పాడు. పోర్చుగల్ దేశపు ఫాతిమాకు చెందిన ఫ్రాన్సిస్కో, జసింతా అనే అన్నాచెల్లెళ్ళు వరుసగా 10, 9 ఏళ్ళ వయసులలో వ్యాధితో మరణించారు. 2017 మే 13న వీరు పునీతులుగా ప్రకటించబడ్డారు. వేదసాక్షులు కాని పునీతులలో వీరే అతి పిన్నవయస్కులు.

యౌవనం: ఇటలీలోని తూరిన్ నగరానికి చెందిన పియేర్ జోర్జో ఫ్రస్సాతి (1901-1925) పర్వతారోహణను ఇష్టపడిన విద్యార్థి. ఇంట్లోవారికి పెద్దగా తెలియకుండానే పేదలకు సేవ చేసేవాడు. పోలియో సోకి 24 ఏళ్ళకే మరణించాడు. కార్లో అకూతిస్ (1991-2006) కంప్యూటర్లపై ఆసక్తితో దివ్యసత్ప్రసాద అద్భుతాల గురించి వెబ్‌సైటు తయారుచేశాడు. రక్త క్యాన్సరుతో 15 ఏళ్ళకు మరణించాడు. 14వ లియో పోపు వీరిద్దరికీ 2025 సెప్టెంబరు 7న పునీత పట్టం ఇచ్చారు.

నడివయసు: ఈ దశలో పరీక్ష ఎక్కువగా విసుగు రూపంలో వస్తుందని ఆధ్యాత్మిక గురువులు అంటారు. యౌవనంలోని ఉత్సాహం తగ్గి, అవే పనులను ఏళ్ళ తరబడి చేయవలసి వస్తుంది. తెరేసా చెప్పిన చిన్న మార్గం, ఫ్రాన్సిస్ డి సేల్స్ చెప్పిన సౌమ్యత, ఓర్పు ఇటువంటి దినచర్యకే ఉద్దేశించబడినవి.

వార్ధక్యం, వ్యాధి: పని చేయలేని స్థితిలో మనిషి విలువ తగ్గదన్నది ఈ బోధనలోని మరొక ముఖ్యాంశం. లూయీ మార్టిన్ చివరి సంవత్సరాలలో మతిస్థిమితం దెబ్బతిని మూడేళ్ళు మానసిక వైద్యశాలలో గడిపాడు. అది ఆయన పునీత పట్టానికి అడ్డు కాలేదు. రెండవ జాన్ పాల్ పోపు 1984లో బాధల అర్థం గురించి, 1999లో వృద్ధులను ఉద్దేశించి లేఖలు రాశారు. 2021లో ఫ్రాన్సిసు పోపు జూలై నాల్గవ ఆదివారాన్ని తాతామామ్మల, వృద్ధుల దినంగా ప్రకటించారు.

ఇతర క్రైస్తవ సంప్రదాయాలు

తూర్పు ఆర్థొడాక్సు సంఘాలలో మనిషి దైవజీవంలో పాలుపంచుకోవడమే అందరి గమ్యం. వివాహ వేడుకలో వధూవరుల తలలపై కిరీటాలు ఉంచుతారు. ఇవి వేదసాక్షుల కిరీటాలను కూడా గుర్తుచేస్తాయని, ఒకరికొకరు ప్రాణం ధారపోయడమే దాంపత్యమని వివరిస్తారు. ప్రొటెస్టంటు సంఘాలలో పునీత పట్టం ఇచ్చే పద్ధతి లేదు. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ (1703-1791) హృదయం ప్రేమతో నిండడమే క్రైస్తవ పరిపూర్ణత అనీ, ఈ జీవితంలోనే సామాన్యులు కూడా దానిని పొందవచ్చుననీ బోధించాడు. ఇందుకోసం విశ్వాసులు చిన్న బృందాలుగా కలుసుకుని ఒకరి నడవడిని ఒకరు ప్రశ్నించుకునే ఏర్పాటు చేశాడు.

భారతదేశంలోను, తెలుగునాట

కేరళకు చెందిన కన్యస్త్రీ అల్ఫోన్సా (1910-1946) దీర్ఘకాల వ్యాధిని సహిస్తూ మఠంలోనే జీవించింది. 2008లో ఆమె భారతదేశపు తొలి పునీతురాలైంది. తిరువాన్కూరు సంస్థానంలో ఉద్యోగి అయిన దేవసహాయం (1712-1752) వివాహితుడు. 1745లో జ్ఞానస్నానం పొందాడు. అన్ని కులాలవారితో కలిసిమెలిసి ఉండేవాడు. నిర్బంధానికి, చిత్రహింసలకు గురై చివరికి కాల్చి చంపబడ్డాడు. 2022 మే 15న పునీత పట్టం పొంది, ఆ గౌరవం దక్కిన తొలి భారతీయ గృహస్థుడయ్యాడు. కులాన్ని సూచించే "పిళ్ళై" అనే మాటను ఆ సందర్భంగా ఆయన పేరు నుండి తొలగించారు.

కృష్ణా జిల్లాలో గన్నవరం సమీపాన ఉన్న పెద్దఅవుటపల్లిలో సోదరుడు జోసఫ్ తంబి సమాధి ఉంది. తమిళ ప్రాంతం నుండి వచ్చిన ఈయన గురువు కాదు, ఫ్రాన్సిస్కను మూడవ సభకు చెందిన సామాన్య విశ్వాసి. ఊరూరా తిరిగి ప్రార్థన, సేవ చేస్తూ 1945 జనవరి 15న మరణించాడు. ఏటా జనవరిలో జరిగే ఉత్సవానికి తెలుగు ప్రాంతాల నుండి పెద్ద సంఖ్యలో భక్తులు వస్తారు. పునీత పట్టానికి దారితీసే ప్రక్రియలో తొలి మెట్టుగా ఈయనకు "దైవసేవకుడు" అనే బిరుదు కలదు.

ప్రొటెస్టంటులలో దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874-1945) సాక్ష్యమివ్వడం పాదిరీల పని మాత్రమే కాదని, బాప్తిస్మం పొందిన ప్రతి పల్లెవాసి బాధ్యత అని నొక్కి చెప్పాడు. 1912లో అభిషిక్తుడైన ఈయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు.

విమర్శలు, చర్చ

బోధన అందరికీ వర్తిస్తున్నా, పునీతుల జాబితాలో గురువులు, మఠవాసులే ఎక్కువగా కనిపిస్తారన్నది తరచుగా వినిపించే విమర్శ. ఇందుకు ఒక కారణం ప్రక్రియలోనే ఉంది. వ్యక్తి జీవితాన్ని పరిశీలించి, సాక్ష్యాలు సేకరించి, అద్భుతాలను విచారించడానికి ఏళ్ళు, ఒక్కొక్కసారి శతాబ్దాలు పడుతుంది. మఠసభలకు అంత ఓపిక, పత్రాలు, నిధులు ఉంటాయి. ఒక సామాన్య కుటుంబానికి అవి ఉండడం అరుదు. పునీత పట్టం పొందిన గృహస్థులలో అనేకులు ఉగాండా (1964), కొరియా (1984), వియత్నాం (1988) వేదసాక్షుల బృందాలకు చెందినవారు. మరణం వల్ల కాక, దినదిన జీవితం వల్ల గుర్తింపు పొందిన సంసారులు తక్కువ. మార్టిన్ దంపతుల ఐదుగురు కుమార్తెలూ కన్యస్త్రీలు కావడాన్ని చూపి, సంసారాన్ని మఠం కొలబద్దతోనే కొలుస్తున్నారని కొందరు వ్యాఖ్యానించారు. అయితే పునీత పట్టం పవిత్రతను కలిగించదని, ఉన్నదానిని గుర్తిస్తుందని మాత్రమే శ్రీసభ చెబుతుంది. పేరు తెలియని పునీతులందరినీ నవంబరు 1న స్మరిస్తారు.

రెండవ విమర్శ మరింత తీవ్రమైనది. ఉన్న స్థితిలోనే పవిత్రతను సాధించాలన్న మాటను, ఉన్న స్థితిని ప్రశ్నించకుండా భరించాలన్న అర్థంలో వాడిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. అమెరికాలో బానిసల యజమానులు విధేయత గురించిన బైబిలు వచనాలను ఈ విధంగానే ఉపయోగించుకున్నారు. భర్త హింసను సహించడమే భార్య పవిత్రత అని బోధించిన వారూ ఉన్నారు. పిలుపు వేరు, అన్యాయం వేరు అని ఆధునిక వేదాంతులు దీనికి సమాధానం చెబుతారు. హింస ఉన్నచోట భార్యాభర్తలు విడిగా ఉండడం కొన్ని సందర్భాలలో నైతికంగా అవసరం కావచ్చునని ఫ్రాన్సిసు పోపు 2016లో కుటుంబం గురించి రాసిన లేఖలో పేర్కొన్నారు. లేవీయకాండంలో పవిత్రత గురించిన ఆజ్ఞ పక్కనే కూలివాని జీతం గురించిన ఆజ్ఞ ఉండడాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చును. తన పనిని శ్రద్ధగా చేయడంతో పాటు, ఆ పనికి, ఆ పనివానికి న్యాయం జరిగేటట్లు చూడడం కూడా ఈ పిలుపులో భాగమే.

ఇవి కూడా చూడండి

రెండవ వాటికన్ మహాసభ
ఫ్రాన్సిస్ డి సేల్స్
లిసియూ తెరేసా
అల్ఫోన్సా
దేవసహాయం
పెద్దఅవుటపల్లి